వస్తువు ఎప్పుడు వాద్యమవుతుంది?

అందరికీ నమస్కారం. ప్రపంచంలోని అరుదైన వాద్యాల గురించి గంటసేపు మాట్లాడమన్నారు. గంటలో ఎన్ని చెప్పినా చెప్పనివే ఎక్కువ మిగిలిపోతాయి. అందుకని జాబితా చదివే పని పెట్టుకోను, ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని నడుస్తాను. ఒక వస్తువు వాద్యం ఎప్పుడవుతుంది?

ఫ్రాన్సులో పిరనీస్ కొండల దగ్గర మార్సులాస్ అనే గుహ ఉంది. 1931లో దాని ముఖద్వారం దగ్గర ఒక పెద్ద సముద్రపు శంఖం దొరికింది, దాదాపు ఒక అడుగు పొడవు. తవ్వినవాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఆదిమానవులు నీళ్ళు తాగిన పాత్ర అయి ఉంటుందని రాసుకున్నారు. శంఖం తూలూజ్ మ్యూజియానికి చేరింది. ఎనభై ఏళ్ళకు పైగా అక్కడ గ్లాసు హోదాలోనే ఉండిపోయింది.

(నవ్వులు)

మీకు నవ్వొస్తోంది. మనవాళ్ళలో ఎవరు ఆ అద్దాల బీరువా ముందు నిలబడినా మొదటిరోజే అనుమానపడి ఉండేవారు. సరే, తర్వాత పరిశోధకులు దాన్ని మళ్ళీ బయటికి తీశారు. శంఖంలో అన్నిటికన్నా గట్టి భాగం దాని కొన. ఆ కొనే విరిగి ఉంది. దానంతట అది విరిగే చోటు కాదది, ఎవరో పనిగట్టుకుని కొట్టి విరిచారు. స్కానింగ్ చేసి లోపల చూస్తే, మొదటి చుట్ల గోడలకి గుండ్రంగా తొలిచిన రంధ్రం కనిపించింది. బహుశా ఊదడానికి ఒక గొట్టం దూర్చేవారు. లోపలివైపు వేలిముద్రల్లాంటి ఎర్రటి మచ్చలున్నాయి, ఆ గుహ గోడ మీద బొమ్మలు వేసిన ఎర్ర రంగే అది. చివరికి కొమ్ము వాద్యం వాయించే ఒక కళాకారుణ్ణి పిలిచి ఊదమన్నారు. మూడు స్వరాలు పలికాయి. 2021లో ఆ వివరాలన్నీ ప్రచురించారు. ఆ శంఖం వయసు సుమారు 18,000 ఏళ్ళు.

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది ఆ ఎనభై ఏళ్ళు. మ్యూజియంలో ఉన్నంతకాలం శంఖంలో ఏ మార్పూ లేదు. కొన అప్పుడూ విరిగే ఉంది, రంధ్రం అప్పుడూ ఉంది. ఊదేవాడు రాలేదు, అంతే.

ఇక్కడ వర్గీకరణ గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకి వెళ్తాను, లేకపోతే సంగీతం చదువుకున్నవాళ్ళు నన్ను వదలరు. భరతుడి నాట్యశాస్త్రం వాద్యాలని నాలుగు రకాలు చేసింది. తీగెలవి తతం, గాలివి సుషిరం, తోలు మూసినవి అవనద్ధం, తాళాల్లా గట్టి వస్తువులు తగిలి మోగేవి ఘనం. 1870లలో కలకత్తా నుంచి రాజా శౌరీంద్ర మోహన్ టాగూర్ బ్రస్సెల్స్‌కి కొన్ని వాద్యాలు బహుమతిగా పంపారు. అక్కడి మ్యూజియం బాధ్యతలు చూసిన మహియోన్ తన కేటలాగుకి ఈ నాలుగు వర్గాల పద్ధతినే తీసుకున్నాడు. దాని మీద 1914లో హార్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు పండితులు కట్టిన వర్గీకరణే ఇవాళ్టికీ మ్యూజియాల్లో నడుస్తోంది. 1940లో సాక్స్ ఐదోది చేర్చాడు, కరెంటుతో పలికేవి. ఎక్కడి వాద్యమైనా ఈ ఐదు పెట్టెల్లో ఏదో ఒకదాంట్లో పడుతుంది. అయితే ఏ పెట్టెలో పడుతుందో తెలిసినంత మాత్రాన అది బతుకుతుందో చస్తుందో తెలియదు. నేను చెప్పబోయేది ఆ బతుకుల గురించే.

(వక్త బల్ల మీది గాజు గ్లాసులో కొంచెం నీళ్ళు పోసి, తడి వేలితో అంచు చుట్టూ రాస్తారు. సన్నగా, నిలకడగా ఒక నాదం మొదలవుతుంది.)

వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? బాగుంది. మైకు దగ్గరికి తెస్తాను. ఇప్పుడు వేలు ఏం చేస్తోందో చూడండి. నేను నున్నగా తిప్పుతున్నట్టే ఉంది గానీ నిజానికి వేలు గాజుని పట్టుకుని, జారి, మళ్ళీ పట్టుకుంటోంది. సెకనుకి కొన్ని వందలసార్లు. వయొలిన్ కమాను తీగె మీద చేసే పనీ ఇదే. ఆ పట్టూ విడుపులకి గ్లాసు అంచు సన్నగా లోపలికీ బయటికీ వంగుతుంది. నీళ్ళు కొంచెం ఎక్కువ పోస్తే... (పోస్తారు)... శ్రుతి దిగింది, విన్నారుగా. గోడతో పాటు నీటి బరువు కూడా కదలాలి కాబట్టి కంపనం నెమ్మదిస్తుంది. వేలికి ఏ మాత్రం జిడ్డు ఉన్నా ఇది పలకదు. అందుకే వాయించేవాళ్ళు ముందు సబ్బుతో చేతులు బాగా కడుక్కుంటారు.

18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఇలా గ్లాసులు వరసగా పేర్చి కచేరీలు చేసేవారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, అదే, గాలిపటంతో మెరుపుని పరీక్షించాడని చెప్తారే ఆయన, అలాంటి వాదనం ఒకటి విని ముచ్చటపడ్డాడు. ఆయనకి స్వభావం ప్రకారం అందులో లోపం కూడా కనిపించింది. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య దూరం ఎక్కువ, ఒకేసారి రెండు మూడు స్వరాల కన్నా అందవు, ప్రతిసారీ నీళ్ళు కొలిచి పోయాలి. 1761లో లండన్‌లో ఒక గాజు పనివాడితో కలిసి దీనికి మార్గం కనిపెట్టాడు. నీళ్ళు తీసేశాడు. ఏ గిన్నె ఏ స్వరం పలకాలో ఆ సైజులోనే గాజు గిన్నెలు ఊదించి, అడుగున కన్నం పెట్టించి, ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా పడుకోబెట్టిన ఇనప కడ్డీకి గుచ్చాడు. మొత్తం 37 గిన్నెలు, ఒకదాన్నొకటి తగలకుండా. కాలితో తొక్కితే కడ్డీ తిరుగుతుంది. వేళ్ళు తిప్పక్కర్లేదు, తడి చేసి అంచుల మీద ఆనిస్తే చాలు, గాజే వేళ్ళ కింద తిరుగుతుంది. పది వేళ్ళతో పది స్వరాలు. ఏది ఏ స్వరమో తెలియడానికి అంచులకి రంగులు కూడా వేయించాడు. దానికి ఆర్మోనికా అని పేరు పెట్టాడు.

దీన్ని యూరప్ అంతా తిప్పినవాళ్ళలో మరియానె కిర్ష్‌గెస్నర్ పేరు ముందు చెప్పాలి. నాలుగేళ్ళ వయసులోనే చూపు పోయిన జర్మన్ కళాకారిణి. అంచుల రంగులు ఆమెకి ఎందుకూ పనికిరావు. ఆమె వాదన విని మొజార్ట్ 1791లో, తను చనిపోయిన ఏడాదే, ఆర్మోనికాతో పాటు ఫ్లూట్, ఓబో, వయోలా, చెల్లో కలిపి ఒక రచన చేశాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే వాద్యం దాదాపు మాయమైపోయింది.

ఎందుకు మాయమైందన్నదానికి ఇంటర్నెట్టులో మీకు మంచి మసాలా కథ దొరుకుతుంది. ఆ నాదం వింటే పిచ్చెక్కుతుందనీ, వాయించేవాళ్ళ నరాలు పాడవుతాయనీ అప్పట్లో పుకార్లుండేవి. కిర్ష్‌గెస్నర్ 39 ఏళ్ళకే పోతే నింద వాద్యం మీదే వేశారు. మనుషుల్ని మైమరపించి జబ్బులు నయం చేస్తానన్న మెస్మర్ తన చికిత్సలో ఇదే వాయించేవాడు, అదింకా అనుమానం పెంచింది. తర్వాతికాలంలో గాజులోని సీసం వల్ల అని ఒక వాదన వచ్చింది. వేళ్ళ ద్వారా సీసం ఎక్కి వాయించినవాళ్ళు జబ్బుపడ్డారనడానికి ఆధారం లేదు. నా దృష్టిలో అసలు కారణం చాలా మామూలుది. దీని గొంతు చిన్నది. కచేరీ హాళ్ళు పెద్దవయ్యాయి, పియానో ఇనప చట్రం తొడుక్కుని గొంతు పెంచింది. పైగా గాజు. గుర్రబ్బండిలో ఊరూరా తిప్పితే ఎన్నాళ్ళుంటుంది? 1835లో డోనిజెట్టీ అనే ఇటలీ సంగీతకర్త ఒక ఆపెరాలో, అంటే పాటల నాటకంలో, మతిచలించిన నాయిక ఘట్టానికి దీన్నే అనుకుని రాశాడు, ఆ భాగం చివరికి ఫ్లూట్‌కి వెళ్ళిపోయింది. 1980లలో అమెరికాలో ఫింకెన్‌బైనర్ అనే గాజు నిపుణుడు క్వార్ట్జ్ గిన్నెలతో మళ్ళీ తయారుచేసేదాకా ఇది ఎక్కువగా మ్యూజియం వస్తువే.

ఇప్పుడు దీనికి వరసకి మనవడయ్యేదాన్ని చూద్దాం. గాజునైనా వేలితో తాకాలి. తాకడం కూడా లేని వాద్యం థెరమిన్.

లెవ్ తెర్మెన్ రష్యన్ భౌతిక శాస్త్రవేత్త, చెల్లో కూడా వాయించేవాడు. విప్లవం తర్వాత పెట్రోగ్రాడ్‌లో ఒక పరిశోధనాలయంలో వాయువుల ధర్మాలు కొలిచే పరికరం మీద పనిచేస్తున్నాడు. దాని దగ్గర చెయ్యి కదిలిస్తే హెడ్‌ఫోనులో వినిపించే ధ్వని మారుతోంది. ఇంకొకరైతే ఈ చెయ్యి అడ్డం రాకుండా ఏం చెయ్యాలా అని ఆలోచించేవారు. ఈయన చెల్లో వాయించేవాడు కాబట్టి చెయ్యి కదిపి తనకొచ్చిన పాట ఒకటి పలికించి చూశాడు. ఇది 1920 ప్రాంతంలో జరిగింది. 1922లో లెనిన్‌కి వాయించి చూపించాడు, లెనిన్ కూడా ప్రయత్నించాడు.

ఇది పనిచేసే తీరు చెప్పడం తేలికే. లోపల రెండు రేడియో ఆసిలేటర్లు, అంటే నిలకడగా విద్యుత్ కంపనాలు పుట్టించే పరికరాలు, ఉంటాయి. ఉదాహరణకి ఒకటి సెకనుకి 1,70,000 సార్లు కంపిస్తోందనుకోండి, మన చెవికి అందదు. రెండోదీ అంతే. నిలువుగా ఉన్న యాంటెనా దగ్గరికి చెయ్యి తెస్తే, మన ఒంటికి విద్యుత్తుని నిలవచేసే గుణం కొంచెం ఉంటుంది కాబట్టి, రెండోదాని వేగం 1,69,560కి తగ్గింది. రెంటినీ కలిపితే వాటి తేడా 440. అది చెవికి అందే స్వరం. రెండు తంబురాలు ఒకే శ్రుతికి దగ్గరగా ఉండి కలవకపోతే మధ్యలో ఒక ఊగు వినిపిస్తుంది చూడండి, ఆ సూత్రమే. కుడిచెయ్యి నిలువు యాంటెనా దగ్గర శ్రుతి చూసుకుంటుంది, ఎడమచెయ్యి అడ్డంగా ఉన్న మెలిక యాంటెనా దగ్గర ధ్వని పెంచీ తగ్గించీ చేస్తుంది.

వాయించడం మాత్రం నరకం. వయొలిన్‌కి మెట్లు లేవని భయపడతాం, దానికి కనీసం వేలు ఆనడానికి తీగె ఉంది. ఇక్కడ గాలి. ఊపిరి పీలిస్తే ఛాతీ ముందుకొస్తుంది, శ్రుతి కదులుతుంది. పక్కన ఎవరైనా వచ్చి నిలబడితే శ్రుతి కదులుతుంది. మన గమకాలకి ఇంతకన్నా అనువైనది లేదని కొందరంటారు. గమకం సరే, షడ్జం మీద నిలబడి చూపించమనండి!

(నవ్వులు)

1929లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ దీన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టింది. కూనిరాగం తీయగలిగిన ఎవరైనా వాయించొచ్చన్న తరహాలో ప్రచారం చేసింది. కొన్నవాళ్ళకి మొదటిరోజే అసలు సంగతి తెలిసిపోయింది. దానికి తోడు ఆ ఏడాదే షేర్ మార్కెట్టు కుప్పకూలింది. సుమారు 500 మాత్రమే తయారయ్యాయి. కథ అక్కడితో ముగిసిపోవాల్సిందే.

ముగియకపోవడానికి కారణం క్లారా రాక్‌మోర్. చిన్నప్పుడు వయొలిన్‌లో బాలమేధావి. తర్వాత చెయ్యి సహకరించక వయొలిన్ వదులుకోవాల్సొచ్చింది. న్యూయార్క్‌లో తెర్మెన్‌ని కలిసింది. గాలిలో వేళ్ళకి స్థానాలు ఏర్పరచుకుంది. పిడికిలి మూసి ఉంటే ఒక స్వరం, చిటికెన వేలు విప్పితే ఇంకొకటి, అలా చెయ్యి మొత్తం జరపకుండా వేళ్ళు విప్పుతూ మూస్తూ స్వరం నుంచి స్వరానికి వెళ్ళడం. ఆమె వీడియోలు దొరుకుతాయి, చూడండి. మిగతా శరీరం శిల్పంలా ఉంటుంది, ఒక్క వేళ్ళే ఆడతాయి. ఆమె తెర్మెన్‌నీ ఊరుకోనివ్వలేదు. స్థాయిలు మూడు చాలవు, ఐదు కావాలి, ఎడమచేతికి స్పందన ఇంకా త్వరగా ఉండాలి అని అడిగి, తనకోసం వేరే వాద్యం చేయించుకుంది. కనిపెట్టినవాడికి తన వాద్యం ఏం చేయగలదో వాయించే మనిషి చెప్పాల్సొచ్చింది.

తెర్మెన్ 1938లో సోవియట్ యూనియన్‌కి వెళ్ళిపోయాడు. అక్కడ అరెస్టు చేసి కొలిమాలోని బలవంతపు చాకిరీ శిబిరానికి పంపారు, ఆ తర్వాత ఖైదీ శాస్త్రవేత్తల ప్రయోగశాలకి. అక్కడ ఆయన చేసిన ఒక పరికరం గురించి చెప్పకుండా ఉండలేను. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చేసిన అమెరికా రాజముద్రని కానుకిచ్చారు. దాన్ని ఆయన ఇంట్లో గోడకి తగిలించుకున్నారు. అందులో రహస్యంగా మాటలు వినే పరికరం ఉంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయట్నుంచి రేడియో తరంగాలు పంపితేనే ప్రాణం వస్తుంది. 1952 దాకా కనిపెట్టలేకపోయారు. ముట్టుకోకుండా పలికే వాద్యం చేసినవాడే తాకకుండా వినే చెవిని కూడా చేశాడు. అటు అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే కుర్రాడు టీనేజీలోనే థెరమిన్లు తయారుచేస్తూ పెరిగాడు. 1964లో ఆయన తెచ్చిన మూగ్ సింథసైజర్ తర్వాత సినిమా సంగీతం ఎలా మారిందో మీకు చెప్పక్కర్లేదు.

సరే, ల్యాబు వదిలి వీధిలోకి వద్దాం. ట్రినిడాడ్. బ్రిటిష్ వలస దీవి. కార్నివాల్లో ఆఫ్రికా సంతతి ప్రజలు డప్పులతో ఊరేగేవారు. 1881లో పోలీసులకీ జనానికీ ఘర్షణ జరిగింది. ఆ తర్వాత ప్రభుత్వం డప్పుల మీద ఆంక్షలు పెట్టింది. డప్పు లేకపోతే ఏం, వెదురు బొంగులు రకరకాల పొడవుల్లో కోసి నేలకేసి కొట్టారు. వెదురు చీలిపోతుంది. 1930లలో వెదురు స్థానంలోకి బిస్కెట్ డబ్బాలు, చెత్త డబ్బాల మూతలు, ఏది దొరికితే అది వచ్చింది. డబ్బాని ఒకేచోట పదేపదే కొడితే సొట్టపడుతుంది. సొట్టపడ్డ చోట స్వరం మారుతుంది. ఆ సొట్టని చూసి విసిరేయకుండా, ఇంకో సొట్ట పెడితే ఇంకో స్వరం వస్తుందా అని కొట్టి చూసిన కుర్రాళ్ళున్నారే, స్టీల్‌పాన్ వాళ్ళ చేతుల్లో పుట్టింది. చదువు లేదు, సంగీత పాఠం లేదు. పైగా రౌడీలని పేరు. బ్యాండుకీ బ్యాండుకీ మధ్య తలలు పగిలేవి.

ట్రినిడాడ్‌లో చమురు ఉంది, కాబట్టి చమురు పీపాలకి కొదవలేదు. 1940లలో 55 గ్యాలన్ల పీపా, అంటే రెండొందల లీటర్ల పైచిలుకుది, ఖాయమైంది. తయారీ చూడండి. పీపా అడుగుభాగాన్ని సుత్తితో లోపలికి కొట్టుకుంటూ గిన్నెలా దింపుతారు. గంటలకొద్దీ పని. రేకు సాగుతుంది, ఒక్కచోట ఎక్కువ పలచబడితే మొత్తం పీపా వృథా. తర్వాత స్వరాల హద్దులు గీసి, మొద్దు ఉలితో ఆ గీతల వెంట గాడి కొడతారు. గాడి ఎందుకంటే ఒక స్వరం కంపనం పక్కదానిలోకి పాకకుండా. ఆపైన మంట మీద కాల్చి రేకుని గట్టిపరుస్తారు. ఇక అసలైన పని శ్రుతి చేయడం. చిన్న సుత్తితో కింద నుంచి ఒక దెబ్బ, పై నుంచి ఒక దెబ్బ. ఒక్కో స్వరస్థానంలో ఆధార స్వరంతో పాటు దాని పై షడ్జం కూడా అదే రేకు ముక్కలో పలికేలా చూసుకోవాలి. ఒకదాన్ని సరిచేస్తే పక్కది కదులుతుంది. స్వరాల అమరిక కూడా పియానోలా వరసగా ఉండదు. తర్వాత స్థిరపడ్డ పద్ధతిలో పక్కపక్కన ఉండేవి షడ్జ పంచమ సంబంధం ఉన్నవి, ఒకటి మోగినప్పుడు పక్కది కాస్త కలిసి మోగినా చెవికి ఇంపుగానే ఉండాలని.

1951లో ట్రినిడాడ్ నుంచి వెళ్ళిన టాస్పో అనే స్టీల్‌పాన్ బృందం లండన్ ఉత్సవంలో వాయించింది. పాలకులు ఆంక్షలు పెట్టిన చప్పుడు పాలకుల రాజధానిలోనే చప్పట్లు కొట్టించుకుంది. 2023లో ఐక్యరాజ్య సమితి ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది.

దీనికి ఒక కొసరు ఉంది, మనకి సంబంధించింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఫెలిక్స్ రోనర్, సబీనా షేరర్ స్టీల్‌పాన్లు చేసేవారు. ఘటం వాయించే ఒక స్విస్ కళాకారుడు వాళ్ళని ఒక కోరిక కోరాడు. ఘటంలా చేతులతో వాయించాలి, స్టీల్‌పాన్‌లా స్వరాలు పలకాలి అని. రెండు ఉక్కు గిన్నెలు బోర్లించి అతికించారు. 2000లో అది హాంగ్ అనే కొత్త వాద్యం అయింది. అడుగున ఘటానికున్నట్టే నోరు ఉంటుంది. మీరు యూట్యూబులో చూసే హ్యాండ్‌పాన్లన్నీ దాని సంతానమే.

వాయించేవాడు పోతే ఏమవుతుందో చైనాలో ఒక ఉదాహరణ ఉంది. 1978లో హుబెయ్ ప్రాంతంలో జెంగ్ రాజ్యపు ప్రభువు, యీ అనే ఆయన సమాధి తవ్వారు. క్రీస్తుకి పూర్వం 433 నాటిది. అందులో 65 కంచు గంటలు మూడు వరసల్లో వేలాడుతూ దొరికాయి. గంటల బరువే సుమారు రెండున్నర టన్నులు. వీటి అడ్డకోత మామూలు గంటలా గుండ్రంగా ఉండదు, బాదం పలుకులా ఉంటుంది. అందువల్ల మధ్యలో కొడితే ఒక స్వరం, పక్కన కొడితే ఇంకో స్వరం. మధ్యలోది షడ్జమైతే పక్కది గాంధారం అనుకోండి. పాత గంటల్లో రెండు స్వరాలున్నాయని అంతకుముందే అన్నవాళ్ళని చాలామంది నమ్మలేదు, అది పోతపోసేటప్పుడు యాదృచ్ఛికంగా వచ్చిందన్నారు. ఈ సమాధి తెరిచాక మాట్లాడటానికేమీ లేకపోయింది. ఎక్కడ కొట్టాలో, కొడితే ఏ స్వరమో గంటల మీదే చెక్కి ఉంది. వాద్యం పక్కనే దాన్ని వాయించే పద్ధతి కూడా పాతిపెట్టారు కాబట్టి సరిపోయింది. లేకపోతే అవీ మార్సులాస్ శంఖంలా మిగిలేవి.

అదృష్టం ప్రతిసారీ ఉండదు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో చలపార్తా అని ఒకటుంది. దిమ్మెల మీద చెక్క పలకలు పెట్టి ఇద్దరు మనుషులు కర్రలతో నిలువుగా పోటు వేస్తారు. ఒకరు నడకని నిలబెడితే రెండోవారు ఆ ఖాళీల్లో దూరి దాన్ని చెడగొట్టాలని చూస్తారు. ఒక్కడు వాయించడానికి కుదరదు. 1960ల నాటికి ఇది వచ్చినవాళ్ళు ఒకటి రెండు జతల అన్నదమ్ములు మాత్రమే మిగిలారు, పల్లెటూరి రైతులు. అప్పుడు కొత్తతరం వెళ్ళి వాళ్ళ దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు అక్కడ బడుల్లో నేర్పుతున్నారు. ఆ పలకలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ అన్నదమ్ములు ఇంకో పదేళ్ళ ముందు పోయి ఉంటే దొరకనిది రెండోవాడు దూరే ఆ లయ.

ఇక్కడ ఎవరైనా నన్ను అడ్డగించొచ్చు, మనిషే లేని వాద్యాలు లేవా అని. ఉన్నాయి. క్రొయేషియాలోని జాదర్‌లో సముద్రం ఒడ్డున పాలరాతి మెట్ల కింద 35 గొట్టాలున్నాయి. అలలు వచ్చి గొట్టాల్లోని గాలిని తోస్తే అవి పలుకుతాయి. నికోలా బషిచ్ అనే వాస్తుశిల్పి 2005లో కట్టాడు. చాలా బాగుంటుంది. దాన్ని వాద్యం అనాలంటే మాత్రం నాకు నోరు రాదు. సముద్రానికి తప్పు స్వరం అంటూ లేదు కదా. తప్పు పోయే అవకాశం లేనిచోట వాదనం ఏముంటుంది? ఇది నా మాట, మీరు ఒప్పుకోనక్కర్లేదు. అమెరికాలో లూరే గుహల్లో 1956లో పూర్తయిన రాతి ఆర్గన్‌ని మాత్రం ఒప్పుకుంటాను. పైకప్పు నుంచి దిగిన 37 సున్నపురాతి ఊడల్ని శ్రుతికి తగ్గట్టు అరగదీసి, రబ్బరు సుత్తులు అమర్చారు. అవి మూడున్నర ఎకరాల మేర ఉన్నాయి. ఒకచోట కీబోర్డు ముందు మనిషి కూర్చుంటాడు.

ఈ రెంటికీ మధ్యరకం జర్మనీలో హాల్బర్‌స్టాట్ చర్చిలో ఉంది. జాన్ కేజ్ అనే అమెరికన్ సంగీతకర్త ఆర్గన్‌కి, అంటే మీట నొక్కినంతసేపూ గొట్టాల్లో గాలి పలికే వాద్యానికి, ఒక రచన చేసి వీలైనంత నెమ్మదిగా వాయించమన్నాడు. ఎంత నెమ్మదిగా? అక్కడ 639 ఏళ్ళు తీసుకుంటున్నారు. ఆ ఊళ్ళో పేరున్న ఆర్గన్ 1361లో వచ్చింది, 2000కి 639 ఏళ్ళు, అదీ లెక్క. 2001లో మొదలైంది, 2640లో ముగియాలి. మొదటి ఏడాదిన్నర దాకా నిశ్శబ్దమే, రచన విరామంతో మొదలవుతుంది కాబట్టి. మీటల్ని ఇసుక సంచులు నొక్కి ఉంచుతాయి. స్వరం మారే రోజున జనం టికెట్లు కొనుక్కుని వస్తారు, 2024 ఫిబ్రవరి 5న అలా ఒకసారి మారింది. టెన్షన్ లేని ఉద్యోగం కావాలంటే అక్కడ ప్రయత్నించండి.

(నవ్వులు)

ఇంకో రెండు క్లుప్తంగా. హ్యారీ పార్చ్ అనే అమెరికన్‌కి స్థాయికి 12 స్వరాలు చాలలేదు, 43 కావాలన్నాడు. 22 శ్రుతుల లెక్క తెలిసిన మనకి ఆ బాధ కొంత అర్థమవుతుంది. ఏ వాద్యమూ ఒప్పుకోకపోతే తనే చేసుకున్నాడు. అణు పరిశోధనాలయం పారేసిన పెద్ద గాజు సీసాలు కోసి వేలాడదీసినవి అందులో ఒకటి. చిక్కేమిటంటే ఆయన సంగీతం వాయించాలంటే ఆ వాద్యాలే కావాలి. ఆయన 1974లో పోయాక అవి ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి మారుతూ, నేర్చుకునే విద్యార్థులున్నంతకాలం పలుకుతున్నాయి. రెండోది పరాగ్వేలో కతేఉరా, రాజధాని చెత్త పోసే చోటు. ఫావియో చావెస్ అక్కడి పిల్లలకి సంగీతం నేర్పుదామంటే, ఒక వయొలిన్ ధర వాళ్ళ ఇంటి విలువ కన్నా ఎక్కువ. చెత్త ఏరుకుని బతికే నికొలాస్ గోమెస్ నూనె డబ్బాతో చెల్లో, డబ్బాలూ ఫోర్కులతో వయొలిన్ చేసిపెట్టాడు. డ్రమ్ములకి తోలు బదులు ఆస్పత్రి ఎక్స్‌రే ఫిల్ములు. ఆ పిల్లలు చాలా దేశాలు తిరిగి కచేరీలు చేశారు.

నేను చెప్పాలనుకున్నవి అయ్యాయి. ప్రశ్నలుంటే తీసుకుంటాను.

సభ నుంచి: డిజెరిడూ వాయిస్తే గురక తగ్గుతుందంటారు. నిజమేనాండీ?

ఈ ప్రశ్న ఎవరడిగారో వాళ్ళింట్లో నిద్రపట్టనిది ఎవరికో కనుక్కోవాలి. (నవ్వులు) డిజెరిడూ ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసులది. చెదపురుగులు లోపల తొలిచేసిన యూకలిప్టస్ కొమ్మ. నాదం తెగకూడదు కాబట్టి, బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూనే ముక్కుతో పీల్చాలి. మన నాదస్వరంవాళ్ళకి తెలిసిన కిటుకే. స్విట్జర్లాండ్‌లో నిద్రలో ఊపిరి అడ్డుపడే జబ్బున్న 25 మంది మీద పరీక్ష చేశారు. నాలుగు నెలలు వాయించినవాళ్ళకి పగటి మగత తగ్గింది, పక్కన పడుకునేవాళ్ళకీ కాస్త ఊరట దొరికింది. గొంతు దగ్గరి కండరాలు గట్టిపడటం వల్ల కావచ్చని వాళ్ళ ఊహ. బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది, 2017లో దీనికి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది. శాంతికే, వైద్యానికి కాదు. పరీక్ష చిన్నది, కాబట్టి డాక్టర్ని మానేసి దీన్ని పట్టుకోకండి.

సభ నుంచి: ఈ ధ్వనులన్నీ ఇప్పుడు యాప్‌లో ఉన్నాయి కదా. వాద్యం అవసరమా?

ధ్వని కోసమే అయితే అవసరం లేదు. అయితే ఒక సంగతి గమనించండి. కంప్యూటర్లో అన్ని ధ్వనులూ వచ్చేశాక కూడా మనుషులు దానికి చేతులు తగిలించే మార్గాలు వెతుకుతూనే ఉన్నారు. బార్సిలోనాలో రియాక్టబుల్ అని ఒక బల్ల చేశారు, దాని మీద దిమ్మెలు జరిపితే, తిప్పితే ధ్వని మారుతుంది. ఇంగ్లండ్ గాయని ఇమోజెన్ హీప్ కొంతమంది ఇంజనీర్లతో కలిసి చేతి తొడుగులు చేయించుకుంది, పిడికిలి మూస్తే ఒకటి, మణికట్టు తిప్పితే ఒకటి. రాక్‌మోర్ గాలిలో వెతుక్కున్నది వీళ్ళకీ కావాల్సొచ్చింది.

సభ నుంచి: నాకు సంగీతం రాదు. వీటిలో దేనితో మొదలుపెట్టమంటారు?

ఎంబీరాతో. జింబాబ్వేలో షోనా ప్రజల వాద్యం. చెక్క మీద బిగించిన ఇనప రేకుల్ని బొటనవేళ్ళతో, ఒక చూపుడువేలితో మీటుతారు. పూర్వీకుల ఆత్మల్ని పిలిచే రాత్రి పూజల్లో దీన్ని తెల్లవార్లూ వాయిస్తారు. దాన్ని చూసి 1950లలో హ్యూ ట్రేసీ తయారుచేసి అమ్మింది కలింబా, అది అన్నిచోట్లా దొరుకుతుంది, మొదటిరోజే ఏదో ఒక పాట పలుకుతుంది. ఇబ్బందల్లా, కలింబా మరీ శుభ్రంగా మోగుతుంది. అసలు ఎంబీరాకి గవ్వలో, సీసా మూతలో వదులుగా తగిలించి ఉంటాయి, ప్రతి స్వరంతో పాటు అవి జుయ్యిమంటాయి. బయటివాళ్ళు అది అపశబ్దం అనుకున్నారు. షోనా వాళ్ళకి ఆ జుయ్యిమనడం లేకపోతే వాద్యం పలికినట్టే కాదు. తంబురా తీగె కింద దారం పోగు పెట్టి మనం తెప్పించేదీ అలాంటిదే కదా. కాబట్టి మీకు అసలు ఎంబీరా దొరికితే కొనండి, ఆ మూతలు మాత్రం పీకేయకండి.